బర్కిలీ లైబ్రరీ ప్రైజ్‌కి పేపర్ పంపాలా, అందులో అసలు దేన్ని చూస్తారు?

మిగతావాళ్ళకీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. మీరు విజయవాడలో ఉంటారు, మీ అమ్మాయి యూసీ బర్కిలీలో హిస్టరీ మేజర్, మూడో సంవత్సరం. 1977 దివిసీమ ఉప్పెన గురించి అమెరికా పత్రికలు ఏం రాశాయి, తెలుగు పత్రికలు ఏం రాశాయి అని సెమినార్‌కి ఒక పేపర్ రాసింది. దాన్ని లైబ్రరీ ప్రైజ్‌కి పంపమని ప్రొఫెసర్ అన్నారు. తనేమో "ఏ మైనస్ గ్రేడు వచ్చిన పేపర్‌కి ప్రైజెవరిస్తారు" అని వెనకాడుతోంది, టెన్షన్ పడుతోంది. ఇది పేరున్న అవార్డేనా, దేన్ని చూసి ఇస్తారు, ఇంటి నుంచి మీరేమైనా సాయం చేయొచ్చా అని అడిగారు.

పంపమనండి. ఏ మైనస్ అడ్డమేమీ కాదు. ఈ ప్రైజ్‌లో పేపర్‌తో సమానంగా, చాలాసార్లు పేపర్ కంటే ఎక్కువగా, ఆ పేపర్ కోసం విద్యార్థి వెతికిన తీరును చూస్తారు. వెతికిన తీరు కనబడేది పేపర్‌తో పాటు పెట్టాల్సిన చిన్న వ్యాసంలో. అక్కడ రిఫ్లెక్టివ్ ఎస్సే అంటారు. మీ అమ్మాయి మిగిలిన టైమంతా దానిమీద పెట్టాలి.

నా సంగతి కొంచెం చెప్పాలి. అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో దక్షిణాసియా సబ్జెక్ట్ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. బర్కిలీలో కాదు. అయితే మా దగ్గరా ఇలాంటి అవార్డు ఉండేది, ఆ కమిటీలో చాలాసార్లు కూర్చున్నాను. కాబట్టి ఎన్ని పేజీలు, ఏ తేదీలోపు లాంటి రూల్స్‌కి బర్కిలీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఈ ఏడాది ఏముంటే అదే చూసుకోవాలి. కమిటీ గదిలో మాటలు ఎలా నడుస్తాయో మాత్రం నేను చెప్పగలను.

అవార్డు పూర్తి పేరు ఛార్లీన్ కాన్రాడ్ లీబౌ లైబ్రరీ ప్రైజ్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్. 2003 నుంచి ఇస్తున్నారు. మొదటి రెండేళ్ళ స్థాయి కోర్సుల్లో రాసినవి ఒక వర్గం, పై స్థాయి కోర్సుల్లో రాసినవి ఇంకో వర్గం. కాబట్టి ఫస్టియర్ పిల్లలు ఫైనల్ ఇయర్ వాళ్ళతో పోటీ పడక్కర్లేదు. గెలిచిన పేపర్లను కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళ ఈస్కాలర్‌షిప్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెడతారు, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మీ అమ్మాయి అన్నిటికంటే ముందు అవి ఒక రెండు మూడు చదవాలి. అమెరికాలో చాలా యూనివర్సిటీ లైబ్రరీలకు ఇలాంటివి ఉన్నాయి. యూసీ డేవిస్‌లో లాంగ్ ప్రైజ్ ఉంది, అందులో ఆర్ట్స్, హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ అన్నీ కలిపి ఒక విభాగం. ఆ డబ్బు ఇచ్చినావిడ నార్మా లాంగ్, వృక్షశాస్త్రం ప్రొఫెసర్‌గా రిటైరయ్యారు! సీటెల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కీ ఒకటుంది. డబ్బు పరంగా ఇవి పెద్దవి కావు, వెయ్యి డాలర్లు, ఆ చుట్టుపక్కల. అమెరికాలో పీజీకి అప్లై చేసేటప్పుడు మాత్రం హిస్టరీ వాళ్ళకి ఈ పేరు బాగా పనికొస్తుంది. సొంతంగా ఆర్కైవ్స్‌లో పని చేయగలదని ఇంకొకరు ఒప్పుకున్నట్టు లెక్క.

లైబ్రరీకి అవార్డులెందుకు అని మీకు అనిపించొచ్చు. సైన్స్ పిల్లలు ల్యాబ్‌లో ఏం చేశారో వాళ్ళ ప్రొఫెసర్ రోజూ చూస్తూనే ఉంటాడు. హిస్టరీ పిల్లలకి ల్యాబ్ లైబ్రరీయే. కానీ అక్కడ వాళ్ళు పడే పాట్లు ఎవరూ చూడరు, చివరికి ఇరవై పేజీల పేపర్ ఒక్కటే బయటికొస్తుంది. ఆ కనపడని పనిని బయటికి తీయడానికే రిఫ్లెక్టివ్ ఎస్సే పెట్టారు. దీని వెనక మా వృత్తి సంఘం ఏసీఆర్‌ఎల్ (కాలేజీ, పరిశోధన లైబ్రరీల సంఘం) 2016లో ఖాయం చేసిన ఒక ఫ్రేమ్‌వర్క్ కూడా ఉంది, సమాచారం వెతికి వాడుకోవడం విద్యార్థులకి ఎలా నేర్పాలన్నది. అంతకుముందు 2000 నాటి ప్రమాణాలు ఉండేవి. విద్యార్థికి ఫలానా ఫలానా పనులు వచ్చా రావా అని టిక్కులు పెట్టే పద్ధతి అది. కొత్త ఫ్రేమ్‌వర్క్ ఆరు ఆలోచనల చుట్టూ తిరుగుతుంది. ఒక ఆధారాన్ని నమ్మదగినదని ఎవరు, ఏ సందర్భంలో అంటున్నారు అన్నది అందులో ఒకటి. పరిశోధన ఒక ప్రశ్నలోంచి ఇంకో ప్రశ్నలోకి వెళ్ళే పని అన్నది ఒకటి. వెతకడానికి ఒక వ్యూహం ఉండాలి, దారి మూసుకుపోతే మార్చుకోవాలి అన్నది ఇంకొకటి. కమిటీల చేతుల్లో ఉండే మార్కుల షీట్లు చాలావరకు దీన్నుంచి వచ్చినవే. మీ అమ్మాయి ఆ ఫ్రేమ్‌వర్క్‌ను ఒక సాయంత్రం కూర్చుని చదివితే చాలు. ఎస్సేలో మాత్రం ఆ మాటలు దించకూడదు. దించిన మాటల్ని మేము రెండో లైన్‌లోనే పట్టేస్తాం.

ఇక రెండు కేసులు చెప్తాను.

ఒకసారి మాకొక పేపర్ వచ్చింది. వాదన అద్భుతం, భాష ఇంకా అద్భుతం, ప్రొఫెసర్ ఉత్తరంలో "నా సర్వీసులోనే" అన్న స్థాయి పొగడ్త. రిఫ్లెక్టివ్ ఎస్సే చూస్తే థాంక్యూ కార్డులా ఉంది. జేస్టోర్ (పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ భాండాగారం) వాడాను, లైబ్రేరియన్లు ఎంతో సహకరించారు, లైబ్రరీ లేకపోతే ఈ పేపర్ లేదు... ఇంతే. ఎక్కడ వెతికాడు, ఏది దొరకలేదు, ఎందుకు ఆ ఆధారం పక్కన పెట్టాడు అన్నది ఒక్క ముక్క లేదు. మేం అరగంట కొట్టుకున్నాం గానీ ఇవ్వలేకపోయాం. ఆ అబ్బాయి పని చేసే ఉంటాడు, కానీ కాగితం మీద లేనిదానికి మార్కులు వేసేదెలా?

అదే ఏడాది గెలిచింది ఫస్టియర్ అమ్మాయి. తమ ఊళ్ళో పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఉండిన చైనీస్ లాండ్రీల గురించి రాసింది. ముందు శాన్‌బార్న్ మ్యాపుల దగ్గరికి వెళ్ళింది. ఇవి ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీల కోసం గీసిన మ్యాపులు. ఏ భవనం ఇటుకది, ఏది చెక్కది, లోపల ఏ వ్యాపారం అని ఒక్కొక్క ఇల్లూ రాసి ఉంటుంది. మ్యాపులో "చైనీస్ లాండ్రీ" అని చాలా చోట్ల కనిపించింది. అవే అడ్రసులు సిటీ డైరెక్టరీలో, అంటే ఊళ్ళో వాళ్ళ పేర్లు, అడ్రసులు అచ్చేసిన పుస్తకంలో, వెతికితే ఆ మనుషుల పేర్లు లేవు. పక్క షాపు వాళ్ళది ఉంది, ఎదురింటి వాళ్ళది ఉంది, వీళ్ళది లేదు. చాలామంది పిల్లలు ఇక్కడ "ఆధారాలు దొరకలేదు" అని వదిలేస్తారు. ఈ అమ్మాయి లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి, డైరెక్టరీని ఎవరు తయారుచేసేవాళ్ళు, ఎవర్ని లెక్కలోకి తీసుకునేవాళ్ళు అని అడిగింది. అక్కణ్ణుంచి జనాభా లెక్కల షీట్లకి వెళ్ళి, పేర్లు అక్కడ పట్టుకుంది. అప్పటిదాకా లాండ్రీల గురించి ఉన్న ప్రశ్న, ఊరి రికార్డుల్లోకి ఎవరు ఎక్కారు, ఎవరు ఎక్కలేదు అన్న ప్రశ్నగా మారింది. ఎస్సేలో ఇదంతా వరసగా, ఏ ఆర్భాటం లేకుండా చెప్పింది. పేపర్‌లో వాదన మామూలే, వాక్యాలు కూడా అక్కడక్కడ తడబడ్డాయి. అయినా కమిటీలో ఎవరూ మారు మాట్లాడలేదు.

మీ అమ్మాయి టాపిక్ ఈ కోవకే చెందుతుంది. ఆ ఎస్సేలో రాయడానికి ఎంత సరుకుందో తనకి తెలిసినట్టు లేదు. కొన్ని చెప్తాను, తను ఇప్పటికే చేసినవి ఉంటే రాసుకోవాలి, చేయనివి ఉంటే ఇంకా టైముంది.

మొదటిది, కేటలాగులో తెలుగు ఎలా ఉంటుందన్నది. అమెరికా లైబ్రరీలు తెలుగు పుస్తకాల పేర్లను ఒక నిర్ణీత పద్ధతిలో ఇంగ్లీషు లిపిలోకి మారుస్తాయి. మనం ఫోన్లో కొట్టినట్టు ఉండదది. "చరిత్ర" అన్న మాటకి మనం మొదట సి, హెచ్ రెండూ కొడతాం. కేటలాగులో సి ఒక్కటే ఉంటుంది, హెచ్ రాస్తే అది వత్తు ఛ అవుతుంది. "శతాబ్ది"లో శకి ఎస్ మీద ఒక గీత, హెచ్ ఉండదు. ఈ సంగతి తెలియక తెలుగు పిల్లలు నాలుగు సార్లు కొట్టి చూసి, ఇక్కడ తెలుగు పుస్తకాలే లేవనుకుని వెళ్ళిపోతుంటారు. నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో సగం మంది సమస్య ఇదే. మీ అమ్మాయికి ఈ అడ్డంకి తగిలి, దాన్ని దాటి ఉంటే ఎస్సేలో ఒక పేరా దానికే ఇవ్వొచ్చు.

నిజానికి బర్కిలీలో తెలుగు పుస్తకాలకి కొదవ లేదు. అదెలా వచ్చిందో కూడా తను తెలుసుకోవాలి. 1954లో అమెరికా పీఎల్ 480 అనే చట్టం చేసింది. దాని కింద మనకి గోధుమలు అమ్మి, డబ్బు రూపాయల్లో తీసుకునేది. ఆ రూపాయలు ఇండియాలోనే ఖర్చు పెట్టాలి. అందులో కొంత సొమ్ముతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ ఢిల్లీ ఆఫీసు అన్ని భారతీయ భాషల్లో పుస్తకాలు, పత్రికలు కొని, పథకంలో చేరిన యూనివర్సిటీలకు పంపించింది. బర్కిలీ అందులో ఒకటి. విజయవాడలో అచ్చయిన నవల, మద్రాసులో అచ్చయిన వారపత్రిక అలా ఓడెక్కి కాలిఫోర్నియా చేరాయి. మా తరం వాళ్ళకి పీఎల్ 480 అంటే రేషన్ గోధుమలే గుర్తు. ఆ గోధుమల డబ్బుతో కొన్న తెలుగు పుస్తకాలు ఆ షెల్ఫుల్లో ఉన్నాయి. బర్కిలీ ప్రధాన లైబ్రరీ అయిన డో లైబ్రరీ భవనంలోనే సౌత్, సౌత్‌ఈస్ట్ ఏషియా లైబ్రరీ అని ప్రత్యేకంగా ఒకటుంది. అక్కడి లైబ్రేరియన్‌తో మాట్లాడకుండా ఈ పేపర్ పంపితే మాత్రం తప్పకుండా వెలితిగా ఉంటుంది. అపాయింట్‌మెంట్ తీసుకుని ఒక అరగంట కూర్చోమనండి. ఆ మాటల్లో తెలిసిన కొత్త సంగతి ఏదైనా ఉంటే ఎస్సేలో పెట్టాలి, ఊరికే థాంక్స్ చెప్పడం వేరు.

పత్రికల మైక్రోఫిల్మ్ (పేజీలను చిన్నవి చేసి ఫోటో తీసిన ఫిల్ము రీళ్ళు) అక్కడ లేకపోతే షికాగోలో సెంటర్ ఫర్ రీసెర్చ్ లైబ్రరీస్ ఉంది. దక్షిణాసియా సామగ్రిని మైక్రోఫిల్మ్ చేయించి దాచే సహకార పథకం 1967 నుంచి అక్కడ నడుస్తోంది. ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో, అంటే తన లైబ్రరీ ద్వారా అరువుగా, తెప్పించుకోవచ్చు, కాకపోతే రీళ్ళు రావడానికి వారాలు పడుతుంది. కాబట్టి ఈరోజే రిక్వెస్ట్ పెట్టాలి.

రెండోది, అమెరికా పత్రికల వైపు. డేటాబేస్‌లో "దివిసీమ" అని కొట్టి ఊరుకుంటే పెద్దగా ఏమీ రాదు. ఆ విలేకర్లకి అది "ఆంధ్ర సైక్లోన్". మచిలీపట్నానికి వాళ్ళు ఎన్ని స్పెల్లింగులు వాడతారో, మసులిపటం దగ్గర్నుంచి బందరు దాకా, అన్నీ వెతకాలి. ఏ మాటతో ఎన్ని వచ్చాయో తను ఒక చిన్న పట్టిక రాసుకుంటే, ఎస్సేలో రెండు వాక్యాలు దాన్నుంచి వస్తాయి. ఇంకొకటి, చాలామంది అండర్‌గ్రాడ్ పిల్లలకి తట్టదు. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు 1973 నుంచి 1979 వరకు విదేశాంగ శాఖ టెలిగ్రాములను ఆన్‌లైన్‌లో పెట్టారు. ఉచితం. నవంబర్ 19 ఉప్పెన తర్వాతి రోజుల్లో మద్రాసు కాన్సులేట్ నుంచి, ఢిల్లీ ఎంబసీ నుంచి వాషింగ్టన్‌కి ఏం వెళ్ళిందో తేదీలవారీగా వెతకొచ్చు. పత్రికలో అచ్చయింది ఒకటి, ప్రభుత్వం లోపల చెప్పుకున్నది ఒకటి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడమే ఒక మంచి పేరా. ఏమీ దొరకకపోయినా "ఇక్కడ వెతికాను, ఇన్ని రోజుల పరిధి చూశాను, లేదు" అని రాయడం నామోషీ కాదు. దొరకనివాటిని దాచుకోకుండా రాసిన ఎస్సేలు మాకు ఎప్పుడూ నచ్చేవి.

బిబ్లియోగ్రఫీని, అంటే చివర పెట్టే ఆధారాల జాబితాని, ఉబ్బించకూడదు. ఎనభై ఎంట్రీలు పెడితే జడ్జీలు మురిసిపోతారని పిల్లల భ్రమ. మేం చేసే మొదటి పని బిబ్లియోగ్రఫీలో ఉన్నది ఫుట్‌నోట్లలో కనపడుతుందా లేదా అని చూడటం. చదవని పుస్తకాలు అక్కడే బయటపడతాయి. తెలుగు పత్రికల ఎంట్రీలకి పేరు, తేదీ, పేజీ, ఏ రూపంలో చూసింది (మైక్రోఫిల్మా, ఫోటోనా, అసలు కాగితమా) అన్నీ ఉండాలి. ఆధారాలు రాసే పద్ధతి, హిస్టరీ కాబట్టి షికాగో స్టైల్ అనే అనుకుంటున్నాను, ప్రొఫెసర్ని అడగాలి.

ఏఐ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్స్ ఒక్కటి లేనిది తేలితే ఆ అప్లికేషన్ అక్కడితో అయిపోయినట్టే. జడ్జీల్లో లైబ్రేరియన్లు ఉంటారు, ఒక పుస్తకం ఉందో లేదో చూడటం మాకు నిమిషం పని. ఆ టూల్స్ వాడుకుని ఉంటే ఎక్కడ, దేనికి వాడిందో దాపరికం లేకుండా రాయాలి. తెలుగు వార్తల అనువాదానికి వాడి, తర్వాత తనే సరిచూసుకుంటే అది కూడా చెప్పదగ్గ సంగతే. రిఫ్లెక్టివ్ ఎస్సేని దానిచేత రాయించడం మాత్రం పిచ్చిపని. తను పడిన తిప్పలు దానికేం తెలుసు?

అప్లికేషన్‌కి ప్రొఫెసర్ రాసే సిఫార్సు ఉత్తరం గురించి. మంచి విద్యార్థి, క్లాసులో చురుకైనది అని రాస్తే ఉపయోగం లేదు. పేపర్ మొదటి డ్రాఫ్ట్‌కి, చివరి డ్రాఫ్ట్‌కి మధ్య ఆధారాలు ఎలా మారాయో ప్రొఫెసర్ ఒక్క వాక్యం రాసినా చాలు. దానికి తను ప్రొఫెసర్‌కి రెండు డ్రాఫ్టులూ, ఎస్సే చిత్తుప్రతీ ముందే పంపాలి. ఇలాంటి గడువులు ఎక్కువగా స్ప్రింగ్ సెమిస్టర్‌లోనే పడతాయి, అప్పుడు ప్రొఫెసర్లకి ఊపిరాడదు. మూడు వారాలైనా ముందు అడగమనండి.

తాతగారితో ఫోన్లో మాట్లాడి ఆయన చూసినవి కూడా పేపర్‌లో వాడిందని రాశారు. మంచిదే. మనుషుల మీద పరిశోధనకి ముందస్తు అనుమతి కావాలనే రూలు ఒకటుంది. దాన్ని కామన్ రూల్ అంటారు. 2017లో ప్రకటించిన సవరణ ప్రకారం ఓరల్ హిస్టరీ (మనుషుల జ్ఞాపకాలు అడిగి రాసుకోవడం) మామూలుగా దాని కిందికి రాదు, అయినా ఒకసారి ప్రొఫెసర్ని అడిగి ఖాయం చేసుకోవాలి. అంతకంటే ముఖ్యం, గెలిస్తే ఆ పేపర్ ఇంటర్నెట్‌లో ఎప్పటికీ ఉంటుంది. తాతగారి పేరు, ఊరు, ఇంట్లో పోయిన వాళ్ళ పేర్లు అలా అందరికీ కనబడటం ఆయనకి ఇష్టమేనా అని ఇప్పుడే అడగాలి. పేరు మార్చి రాయమంటే మార్చి రాయొచ్చు. ఇదే పేపర్‌ని ముందుముందు జర్నల్‌కి పంపే ఆలోచన ఉంటే, ఆన్‌లైన్‌లో పెట్టడాన్ని కొన్నాళ్ళు వాయిదా వేసే వీలుందా అని లైబ్రరీని అడగొచ్చు.

తను ఎఫ్-1 వీసా మీద ఉంటే ప్రైజ్ డబ్బు జీతం కాదు కాబట్టి వర్క్ పర్మిట్ గొడవ రాదు. ట్యాక్స్ మాత్రం పట్టుకుంటారు. దాన్ని స్కాలర్‌షిప్ కింద లెక్కేస్తే 14 శాతం, బహుమతి కింద లెక్కేస్తే 30 శాతం అన్నది మామూలు లెక్క. ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒక మాట అడిగితే సరి.

ఇక మీరేం చేయొచ్చన్నది. లైబ్రరీకి గానీ ప్రొఫెసర్‌కి గానీ మీరు ఈమెయిల్ పెట్టకండి. కాలేజీలో చేరాక చదువుకు సంబంధించిన రికార్డుల హక్కు అక్కడ విద్యార్థిదే, 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల విద్యార్థి ఒప్పుకోకుండా తల్లిదండ్రులతో వాళ్ళు మామూలుగా ఆ వివరాలు మాట్లాడరు. పైగా తనకి చిన్నతనంగా ఉంటుంది.

కానీ విజయవాడలో ఉండి మీరు చేయగల అసలు సాయం ఒకటుంది. ప్రకాశం బ్యారేజీ దాటి బాపట్ల వైపు వెళ్తే చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టింది, పాత పత్రికల సంపుటాలకి పేరు. హైదరాబాద్‌లో ఎవరైనా ఉంటే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ముందు ఫోన్ చేసి 1977 నవంబర్, డిసెంబర్ సంపుటాలు ఏ పత్రికవి ఉన్నాయో, ఫోటోలు తీసుకోనిస్తారో లేదో కనుక్కోండి. ఏ వార్తలు కావాలో లిస్టు మీ అమ్మాయే ఇవ్వాలి, మీరు ఏరకూడదు. ఏరడమే పరిశోధన, ఆ పని తనదే అయి ఉండాలి. ఫోటో తీసేటప్పుడు వార్త ఒక్కటే దగ్గరగా తీయకండి. ముందు పత్రిక పేరూ తేదీ ఉన్న పైభాగం, తర్వాత పేజీ మొత్తం పేజీ నంబర్‌తో సహా, ఆ తర్వాత వార్త, ఈ వరసలో తీయండి. సంపుటం మీద లైబ్రరీ నంబర్ ఏదైనా ఉంటే దానిదీ ఒకటి. ఆ కాగితం పెళుసుగా ఉంటుంది, పేజీని పై మూల పట్టి తిప్పండి, ఫ్లాష్ వాడకండి. ఈ ఫోటోలు నాన్నగారో అమ్మగారో వెళ్ళి తీసిచ్చారని తను ఎస్సేలో ఒక వాక్యం రాసేస్తే సరిపోతుంది, కమిటీకి దానిమీద ఏ అభ్యంతరమూ ఉండదు.